పుల్ టెస్టులన్నీ పాస్, అయినా పైకప్పు రాయి బోల్టులతో సహా ఊడిపడింది. ఎందుకు?

సొరంగం_శీను, బెంగళూరు
రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. బెంగళూరులో జంట సొరంగాల పని. రెండు గొట్టాల మధ్య క్రాస్ పాసేజ్ డ్రిల్లింగ్, బ్లాస్టింగుతో తవ్వుతున్నారు. వెడల్పు 4.5 మీటర్లు, పైన కవర్ 18 మీటర్లు. రాయి మామూలు నైస్, మూడు వరసల జాయింట్లు (రాతిలోని సహజమైన పగుళ్ళు), అక్కడక్కడ తడి.

సపోర్టుకి బోల్టులు: 38 మి.మీ. రంధ్రంలో 25 మి.మీ. కడ్డీ, 3 మీటర్ల పొడవు, చుట్టూ సిమెంటు గ్రౌటు (నీళ్ళతో కలిపిన సిమెంటు ముద్ద). మీద 100 మి.మీ. ఫైబర్ షాట్‌క్రీట్ (పీచు కలిపి చిమ్మి కొట్టే కాంక్రీటు పూత). పుల్ టెస్టులో బోల్టులని జాక్‌తో 150 కిలోన్యూటన్ల దాకా లాగారు, ఒక్కటీ ఫెయిల్ కాలేదు. తర్వాతి బ్లాస్టుకి క్రౌన్‌లో, అంటే పైకప్పు నడినెత్తిన, ఒక రాతి చెక్క ఊడింది. దాదాపు 3 మీటర్లు పొడవు, 2.5 వెడల్పు, మధ్యలో 1.2 మందం, అంచులకి పలచబడింది. కింద ఎవరూ లేరు.

ఫోటోలో కనిపిస్తున్నదేమిటంటే, పడిన రాయి పైముఖం మీద మూడు బోల్టులు మేకుల్లా నిలబడి ఉన్నాయి. రెండింటికి ఇనుము మీద సిమెంటు మరక కూడా లేదు. మూడోదానికి జానెడు మేర గ్రౌటు అంటుకుని ఉంది. కాంట్రాక్టరు "జియాలజీ బాగాలేదు" అంటున్నాడు. డిజైన్ వాళ్ళు బోల్టుల దూరం తగ్గించమంటున్నారు. దగ్గరగా వేస్తే సరిపోతుందా?

నిర్మల_జియో, వైట్‌ఫీల్డ్
రాత్రి 9:42

శీను గారూ, మీ ప్రశ్నకి జవాబు మీ ఫోటోలోనే ఉంది. బోల్టులు తెగలేదు, రాయితో పాటు కిందికొచ్చాయి. అంటే అవి ఊడిపడే రాయిని పట్టుకున్నాయి, దానిపైన ఉన్న మంచి రాయిని పట్టుకోలేదు.

పుల్ టెస్టులో జాక్ లాగేది రంధ్రం మూతి దగ్గర. ఆ లాగుడు గ్రౌటు పట్టు వెంట లోపలికి పోతూ వేగంగా తగ్గిపోతుంది. లెక్క చూడండి: 38 మి.మీ. రంధ్రం చుట్టుకొలత 119 మి.మీ. గ్రౌటుకీ రాయికీ మధ్య పట్టు 1 మెగాపాస్కల్ అనుకుంటే మీటరుకి 119 కిలోన్యూటన్లు. మీ 150 కిలోన్యూటన్ల టెస్టు పాస్ కావడానికి 1.3 మీటర్ల గ్రౌటు చాలు. ఆ 1.3 మీటర్లు పూర్తిగా ఊడే చెక్కలోనే ఉన్నా పాసే. జాక్ రాయినే ఆసరా చేసుకుని ఆ రాయిలో ఉన్న కడ్డీని లాగుతోంది. పైన ఏముందో దానికేం తెలుస్తుంది?

పైకి కొట్టిన రంధ్రంలో కింద నుంచి పంపు చేస్తే గ్రౌటు మూతి వైపు నుంచి నిండుతుంది. చాలకపోతే ఖాళీ మిగిలేది లోపలి కొసన, అంటే పట్టు కావలసిన చోటే. దూరం తగ్గించి ఇలాంటివే ఇంకో పది వేస్తే ఇంకో పది మేకులు కిందికొస్తాయి.

గోదావరిఖని_బాబాయి
రాత్రి 10:05

నిర్మలమ్మ మాట కరెక్టు. బొగ్గు గనిలనైనా ఇదే లెక్క. బోల్టు ఎంత గట్టిగున్నదని కాదు, పైన గట్టి పొరల ఎంత దిగిందని చూడాలె.

శీను బిడ్డా, ఒక్క సంగతి అడుగుత. బ్లాస్టు అయినంక సౌండింగ్ ఎవరు చేసిండ్రు? బార్‌తోని కొడితే గట్టి రాయి టంగుమంటది, ఊడిన రాయి గుల్ల కొడతది. ఒక చెయ్యి రాయి మీద ఆనిచ్చి ఇంకో చేత్తోని కొడితే గుల్ల రాయి అదురు అరచేతికి తెలుస్తది. షాట్‌క్రీట్ ఏసినంక ఈ పని సగం చెడ్తది, అది గుల్ల కొడితే లోపలి రాయి గుల్లదో, పైపూత ఒక్కటే విడిపోయిందో తెల్వదు. గందుకే పూత పడకముందే కొట్టి చూడాలె. నిలబడేది ఎప్పుడూ సపోర్టు ఉన్న దిక్కు, మంచి దిక్కు నుంచి చెడ్డ దిక్కుకు పోవాలె. బార్ పొడుగుండాలె, ఊడిన రాయి బార్ మీదంగ జారి మనిషి మీదికి రావద్దు.

గ్రౌట్_గోపాల్, యలహంక
రాత్రి 10:31

పేపర్ మీద తేల్చే దారి ఒకటుంది: సిమెంటు బస్తాల లెక్క. దీన్ని ఎవరూ చూడరు.

38 రంధ్రం, 25 కడ్డీ మధ్య ఖాళీ 643 చదరపు మి.మీ. రంధ్రంలో ఉన్న పొడవు 2.9 మీటర్లు అనుకుంటే బోల్టుకి 1.9 లీటర్ల గ్రౌటు కావాలి. 50 కిలోల బస్తాని 0.38 నిష్పత్తిలో, అంటే 19 లీటర్ల నీళ్ళతో కలిపితే వచ్చేది 35 లీటర్లు. అసలు వృథా లేకపోతే 18 బోల్టులు. పైపులో మిగిలింది, కారింది, పగుళ్ళలోకి పోయింది తీసేస్తే బస్తాకి 14 దాటకూడదు.

శీను అన్నా, ఆ షిఫ్టులో బోల్టులెన్ని, బస్తాలెన్ని? స్టోరు రిజిస్టరు చూడు, షిఫ్టు రిపోర్టు కాదు.

సొరంగం_శీను
రాత్రి 10:58

గోపాల్ గారూ, స్టోరు నుంచి తెప్పించాను. ఆ వరసలున్న షిఫ్టులో 28 బోల్టులు. బస్తా ఒకటి.

గ్రౌట్_గోపాల్
రాత్రి 11:06

అయిపోయింది. 28కి కావలసింది 53 లీటర్లు. వచ్చింది 35, వృథాకి ఐదు తీసేస్తే 30. సగటున 57 శాతం, అంటే ఒక్కో బోల్టుకి 1.65 మీటర్లు. నిర్మల గారి లెక్కలో పెట్టు: 1.65 × 119 = 196 కిలోన్యూటన్లు. మీ 150 టెస్టు నవ్వుతూ పాస్. చెక్క మందం 1.2 దాటాక పైన మిగిలింది 0.45 మీటరు, అది మోసేది 50 చిల్లర. అదీ సగటే. మొదట పంపు చేసిన వాటికి ఎక్కువ పడి ఉంటుంది, షిఫ్టు చివరి వాటికి 1.2 కూడా వచ్చి ఉండదు. మీకు కనపడిన ఆ ఉత్త ఇనుము అవే.

చెక్క అంచులకి పలచన కాబట్టి ఘనపరిమాణం సగం వేస్తే 4.5 ఘనపు మీటర్లు, దాదాపు 12 టన్నులు, అంటే 120 కిలోన్యూటన్లు. మూడు బోల్టులూ సరిగా నిండి ఉంటే ఒక్కోటి పైన 1.7 మీటర్లు పట్టుకునేది, అంటే 200 కిలోన్యూటన్లు. ఒక్క బోల్టే మోసేది దాన్ని. జియాలజీని తిట్టే ముందు బస్తాలు లెక్కపెట్టుకోమనండి.

రెసిన్_రవి, హోసూరు రోడ్డు
రాత్రి 11:20

ఇంకా సిమెంటేంటి సార్? రెసిన్ క్యాప్సూల్ (కడ్డీ తిప్పితే చిరిగి, కలిసి గట్టిపడే జిగురు గొట్టం) వేసేయండి. నిమిషాల్లో పట్టు, బస్తాల గొడవ లేదు.

గ్రౌట్_గోపాల్
రాత్రి 11:37

రవీ, బస్తాల గొడవ పోయి క్యాప్సూళ్ళ గొడవ వస్తుంది. 22 మి.మీ. కడ్డీ, 28 రంధ్రం, 1.8 మీటర్ల బోల్టు తీసుకో. 24 మి.మీ. వ్యాసం, అర మీటరు పొడవున్న క్యాప్సూళ్ళు రెండు వేస్తే నిండుతుంది, కొంచెం బయటికి కూడా వస్తుంది. అదే రంధ్రం 32 అయిందనుకో, అవే రెండు క్యాప్సూళ్ళు 1.07 మీటర్లే నింపుతాయి. నాలుగు మి.మీ. తేడాకి 70 సెంటీమీటర్ల పట్టు పోయింది. 28 బిట్ దొరకలేదని 32 బిట్‌తో కొట్టడం ఎన్ని చోట్ల జరగదు?

రంధ్రం పెద్దదైతే ఇంకో తంటా. కడ్డీ తిరుగుతున్నప్పుడు ప్లాస్టిక్ తొడుగు చిరగదు, చొక్కాలా కడ్డీకి చుట్టుకుంటుంది. రెసిన్, గట్టిపరిచే మందు కలవవు. చుట్టూ ఖాళీ 3 నుంచి 5 మి.మీ. ఉంటేనే బాగా కలుస్తుంది. శీను దగ్గర 38లో 25 అంటే 6.5, రెసిన్‌కి అది ఎక్కువ. 25 కడ్డీకి 32 నుంచి 35 రంధ్రం ఉండాలి.

తిప్పే సమయం క్యాప్సూల్ పెట్టె మీద రాసి ఉన్నంతే. తక్కువ తిప్పితే కలవదు. ఎక్కువ తిప్పితే గట్టిపడుతున్నదాన్ని మళ్ళీ చిదిమేస్తాం, రెండోదే ఎక్కువ జరుగుతుంది. గడువు తేదీ చూడాలి, ఎండలో కంటైనర్‌లో పెట్టకూడదు. వేగంగా గట్టిపడే క్యాప్సూల్ ముందు, అంటే లోపలి కొసకి పోవాలి. తారుమారైతే మూతి ముందు బిగుసుకుంటుంది, ప్లేటు బిగించినా లోపలికి బలం పోదు.

గోదావరిఖని_బాబాయి
ఉదయం 6:15

సిమెంటు క్యాప్సూల్ సంగతి ఎవరూ అంటలేరు. నీళ్ళల్ల ముంచితే బుడగలు ఆగేదాక ఉంచాలె. ఆగకముందే తీస్తే నడుమ పొడిగుంటది, మరిచిపోయి నాననిస్తే చేతుల్నే పగుల్తది. రెండూ పనికిరావు.

ఇగ లోడు లెక్క. గనిల మేం ఆర్‌ఎమ్‌ఆర్, అంటే రాయి నాణ్యతకు మార్కులు, కట్టి చదరపు మీటరుకు ఎన్ని టన్నులని తీస్తం. గ్యాలరీ వెడల్పు 4.2, రాయి సాంద్రత 2.2, ఆర్‌ఎమ్‌ఆర్ 45 అయితే నాలుగు టన్నుల చిల్లర. వరసకు నాలుగు బోల్టులు, వరసల నడుమ 1.2 మీటర్లు, బోల్టుకు 8 టన్నులు పెడితే 6.35 టన్నుల సపోర్టు. భద్రత ఒకటిన్నర రెట్లు. సొరంగపోళ్ళు ఇట్ల ఎందుకు చెయ్యరు?

నిర్మల_జియో
ఉదయం 8:02

బాబాయ్, ఆ సూత్రం బొగ్గు గనుల పైకప్పు పొరల నుంచి పుట్టింది. మందానికి 30, నిర్మాణ లోపాలకి 25, నీటికి నానడానికి 20, బలానికి 15, నీటికి 10 మార్కులు. నైస్‌లో పొర మందానికి 30 మార్కులు ఎలా వేస్తారు? ఇక్కడ పొరలు కాదు, జాయింట్లు కలిసి కోసిన ముక్కలు పడతాయి. అందుకే మేం 1974లో నార్వే వాళ్ళు తెచ్చిన క్యూ పద్ధతికి పోతాం, అది జాయింట్లు, నీరు, ఒత్తిడి చూసి రాయికి అంకె వేసే పద్ధతి.

కానీ క్యూలో కూడా బెంగళూరులో రెండు తప్పులు అలవాటుగా జరుగుతున్నాయి. శీను గారూ, మీ లాగ్‌లో చూసుకోండి.

మొదటిది ఒత్తిడి అంకె, ఎస్‌ఆర్‌ఎఫ్. "ఇక్కడ రాక్ బరస్ట్ (ఒత్తిడికి రాయి పేలడం) లేదు కదా" అని 1 వేసేస్తారు. 18 మీటర్ల లోతులో పైనున్న బరువు అర మెగాపాస్కల్ కూడా ఉండదు. రాయి బలం 100 అయితే నిష్పత్తి 200 దాటింది. అది తక్కువ ఒత్తిడి, తెరుచుకున్న జాయింట్ల వర్గం, అంకె 2.5. పక్కల నుంచి బిగించే ఒత్తిడి లేకే ముక్కలు జారుతున్నాయి. ఒత్తిడి ఎక్కువైనా ముప్పే, మరీ తక్కువైనా ముప్పే.

రెండోది, క్రాస్ పాసేజ్ పెద్ద సొరంగాన్ని కలిసే చోటు. అక్కడ జాయింట్ వరసల అంకెని మూడు రెట్లు చెయ్యాలి. ఉదాహరణకి ఆర్‌క్యూడీ (డ్రిల్ చేసి తీసిన రాయిలో పొడుగు ముక్కల శాతం) 70, వరసలకి 9, జాయింట్ల గరుకుదనం 1.5, జాయింట్ల ముఖం మీది పూత 2, నీరు 0.66 అనుకుందాం. ఒత్తిడికి 1 వేస్తే క్యూ 3.85. సరిగ్గా 2.5 వేస్తే 1.54. కలిసే చోటయితే 0.51, అంటే "చాలా బలహీనం" తరగతి. 3.85 చూసి డిజైన్ చేసినవాళ్ళూ 0.51 చూసి చేసినవాళ్ళూ ఒకే సపోర్టు వెయ్యరు.

ఇంకొకటి. మన ఊళ్ళో రాతి తల, అంటే మట్టి కింద రాయి మొదలయ్యే మట్టం, ఎగుడుదిగుడుగా ఉంటుంది. శిథిలమై మెత్తబడిన రాయి మధ్యలో గుండ్రటి గట్టి రాళ్ళు మిగులుతాయి. పైకి డ్రిల్ చేసినప్పుడు మొదటి రెండు మీటర్లు గట్టి రాయే తగిలి, చివరి మీటరు మెత్తబడిన దాంట్లోకి పోవచ్చు. డ్రిల్లర్‌ని అడగండి: కారే నీళ్ళు బూడిద రంగులో వస్తున్నాయా, ఎర్రగా పచ్చగా మారాయా, బిట్ ఎక్కడ ఉన్నట్టుండి వేగంగా దిగింది. ఆ లోతు రాసి పెడితే సగం మ్యాపింగ్ అయినట్టే. రంగు మారిన చోట 3 మీటర్ల బోల్టు చాలదు.

కోలారు_కిట్టయ్య
ఉదయం 8:40

మేడమ్ ఒత్తిడి మాట ఎత్తారు కాబట్టి ఒక మాట. కోలారు బంగారు గనుల్లో సమస్య సరిగ్గా దీనికి విరుద్ధంగా ఉండేది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి దిగింది, 2001లో గనులు మూసేదాకా రాక్ బరస్ట్‌లతోనే కాపురం. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ 1988లో అక్కడే పుట్టింది. అలాంటి చోట నిలువునా గ్రౌటు నింపిన బిగువు కడ్డీ టప్పున తెగుతుంది, సాగే బోల్టు కావాలి. శీను గారి 18 మీటర్లకి అవి అక్కర్లేదు. అక్కడ చదివింది తెచ్చి ఇక్కడ సాగే బోల్టులు పెట్టమనేవాళ్ళు కూడా ఉన్నారు, అందుకని చెప్తున్నా.

షాట్‌క్రీట్_షరీఫ్, కె.ఆర్. పురం
ఉదయం 10:25

బోల్టుల మాట సరే, 100 మి.మీ. ఫైబర్ షాట్‌క్రీట్ ఎందుకు ఆపలేదు? పూతకి రాయిని పట్టుకునే గుణం ఉంటేనే అది ఆపుతుంది. జాయింట్ ముఖం మీద బంకమట్టి ఉండగా కొడితే పూత మట్టికి అంటుకుంటుంది. గాలీ నీళ్ళూ కలిపి కడిగారా, లేక బ్లాస్టు దుమ్ము మీదే కొట్టారా చూడండి. పడిన చెక్కకి అంటుకున్న పూత వెనక్కి తిప్పి చూస్తే పసుపు పొర కనిపిస్తుంది.

రెండోది యాక్సిలరేటర్, అంటే త్వరగా బిగుసుకునేలా కలిపేది. కారిన నీటిని ఆపలేక చాలాచోట్ల యాక్సిలరేటర్ డోసు పెంచేస్తారు. ఆల్కలీ లేనిదైతే సిమెంటులో 4 నుంచి 8 శాతం మామూలు. అది దాటితే ముందు బిగుసుకుంటుంది కానీ 28 రోజుల బలం పడిపోతుంది. నీటికి మందు యాక్సిలరేటర్ కాదు, డ్రెయిన్ గొట్టం. నీరు కారే చోట ముందు రంధ్రం వేసి గొట్టం పెట్టి, దాని చుట్టూ కొట్టాలి.

నాజిల్ రాయికి నిటారుగా, మీటరు నుంచి మీటరున్నర దూరంలో. ఓవర్‌బ్రేక్ గుంతలు (బ్లాస్టుకి కొలత దాటి ఊడిన చోట్లు) ముందు నింపి తర్వాత ఒక్క తీరుగా. రాయికి తగిలి తుళ్ళి కింద పడిన రిబౌండ్ మూలల్లో పేరుకుంటే దాన్ని తీసెయ్యాలి, మీద పూత పూస్తే అది గుల్లే.

బెంగళూరులో అసలు బెడద మిక్సర్ లారీ. రద్దీ వేళల్లో భారీ వాహనాలకి ఆంక్షలుంటాయి కాబట్టి రాత్రి తెచ్చింది గంటల తరబడి షాఫ్ట్ దగ్గర నిలబడుతుంది. గట్టిపడకుండా ఆపే మందు లేని మిక్స్‌కి అక్కడ నీళ్ళు పోస్తారు. అదే చావు. ఇక ఎమ్-శాండ్‌లో పొడి ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ తాగుతుంది, పంపు లైను మూసుకుపోతుంది. లోడు వచ్చిన ప్రతిసారీ జల్లెడ పట్టి చూసుకోండి.

పూత కింద మనిషి నిలబడే ముందు 1 మెగాపాస్కల్ రావాలి. సూది పెనెట్రోమీటరుతో కొలవండి, గడియారం చూసి పంపకండి.

సొరంగం_శీను
మధ్యాహ్నం 1:15

షరీఫ్ భాయ్, పూత వెనక పసుపు పొర నిజంగానే ఉంది. ఇప్పుడు ఏ వరసలో సరిచెయ్యాలి? ఇంకో 40 బోల్టులు అదే తీరులో వేసినవి ఉన్నాయి.

నిర్మల_జియో
మధ్యాహ్నం 1:50

ఆ 40ని లేనట్టే లెక్కేసుకోండి. వాటి మధ్యలో కొత్తవి వెయ్యాలి, "టెస్టు పాసైనవి కదా" అనే మాట వద్దు.

ఊడిన గుంత కిందికి ఎవరినీ పంపకండి. సపోర్టు ఉన్న వైపు నుంచి ఎక్స్‌కవేటర్ బ్రేకర్‌తో వేలాడేవి దింపాక, కడిగి, రోబో నాజిల్‌తో 50 మి.మీ. పూత. అది బలం పుంజుకున్నాక గుంత అంచుల నుంచి లోపలికి స్వెల్లెక్స్ తరహా ఉబ్బే బోల్టులు. వేసిన నిమిషానే పనిచేస్తాయి కాబట్టి. వాటి నీడలో సిమెంటు గ్రౌటు బోల్టులు. గ్రౌటు ఒక రోజైనా పట్టేదాకా పక్కన బ్లాస్టు వద్దు, పచ్చి గ్రౌటుకి అదురు తగిలితే పట్టు విడిపోతుంది. టార్గెట్లు పెట్టి కన్వర్జెన్స్ (సొరంగం గోడలు లోపలికి ఎంత జరిగాయో) పూటపూటా చదవండి. అంకె ఎంత అన్నదానికన్నా, తగ్గుతూ వస్తోందా లేదా చూడండి.

టెస్టులు రెండు రకాలు చెయ్యండి. ఒకటి, కావాలనే బయటి రెండు మీటర్లకి పైపు తొడిగి గ్రౌటు అంటకుండా చేసి, లోపలి అర మీటరు మాత్రమే నింపిన టెస్టు బోల్టులు. వీటిని ఊడేదాకా లాగితే ఈ రాయిలో నిజమైన పట్టు ఎంతో తెలుస్తుంది. రెండోది మామూలు బోల్టుల మీద, ఐఎస్ 11309 ప్రకారం, కానీ చివరి అంకె కాకుండా లోడుకీ సాగుడుకీ గ్రాఫ్ గీయాలి. 25 కడ్డీ 150 కిలోన్యూటన్లకి పట్టులేని ప్రతి మీటరుకీ 1.5 మి.మీ. సాగుతుంది. జాక్‌లో బయటున్న ముక్క సాగుడు తీసేశాక ఇంకా రెండు మూడు మి.మీ. కనిపిస్తే మూతి వైపే పట్టు లేదన్నమాట. జాక్ కాళ్ళు బోల్టుకి ఆనుకుని షాట్‌క్రీట్ మీద ఉంటే టెస్టు అబద్ధం చెప్తుంది, దూరంగా ఆనించండి.

చెన్నై_చక్రి
సాయంత్రం 4:30

చెన్నై నుంచి చిన్న చేర్పు. సెయింట్ థామస్ మౌంట్ వైపు చార్నొకైట్ రాతిలో కూడా ఇదే తంతు, ఒకే ముఖంలో కింద తాజా రాయి, పైన మెత్తటిది. మాకు అదనంగా ఎండ. మే నెలలో బస్తాలు ఎండలో, నీళ్ళు నల్లటి ట్యాంకులో ఉంటే గ్రౌటు పంపులోనే చిక్కబడుతుంది. అప్పుడు పనివాడు నీళ్ళు కలుపుతాడు, ఆ గ్రౌటు పైకి కొట్టిన రంధ్రంలో నిలవదు, నీరు తేలిపోయి కొసన ఖాళీ మిగులుతుంది. నీడ, చల్లటి నీళ్ళు, కలిపింది అరగంటలో వాడెయ్యడం. ఇంతకీ శీను గారూ, మీ వాళ్ళు గ్రౌటు ఎలా ఎక్కిస్తున్నారు? గాలి గొట్టం ఉందా?

సొరంగం_శీను
సాయంత్రం 5:05

ఉందండి. ముందు కడ్డీ పెట్టి, పక్కన కొసదాకా 12 మి.మీ. ప్లాస్టిక్ గొట్టం. మూతి గుడ్డతో మూసి కింద నుంచి పంపు. గొట్టంలోంచి గ్రౌటు తిరిగొస్తే ఆపాలి. కొన్నింట్లో తిరిగి రావట్లేదని, మూతి దగ్గర కారగానే ఆపేస్తున్నారు.

గ్రౌట్_గోపాల్
సాయంత్రం 5:28

ఆ ఒక్క వాక్యం మొదటే చెప్పి ఉంటే! 38 రంధ్రంలో 25 కడ్డీ నడిమధ్యన ఉంటే చుట్టూ 6.5 మి.మీ. ఒక పక్కకి ఆనుకుంటే అవతల 13. అందులో 12 మి.మీ. గొట్టం ఎక్కడ పడుతుంది? రంధ్రం కొంచెం వంకరున్న చోటల్లా కడ్డీ దాన్ని నలిపేస్తుంది. గాలి బయటికి రాక లోపల ఇరుక్కుంటే గ్రౌటు పైకి పోదు, దారి దొరికిన మూతి నుంచి కారుతుంది. మీవాళ్ళు "నిండింది" అనుకుని ఆపేస్తున్నారు. బస్తా ఒకటే అయింది దొంగతనం వల్ల కాదేమో, పాపం.

దారులు రెండే. గొట్టం పద్ధతే కావాలంటే రంధ్రం 51 చెయ్యండి, 3 మీటర్ల బోల్టుకి గ్రౌటు 4.5 లీటర్ల దాకా పడుతుంది, బస్తాకి ఆరు బోల్టులు. లేదా 38 రంధ్రమే ఉంచి గొట్టం మానేయండి. నీరు 0.32 నుంచి 0.35, చిక్కటి గ్రౌటు. హోస్ కొసదాకా పెట్టి పంపు చేస్తే గ్రౌటే హోస్‌ని వెనక్కి తోస్తుంది. మనిషి లాగకూడదు, తోసినంతే రానివ్వాలి. తర్వాత కడ్డీ తిప్పుతూ ఎక్కించాలి, మూతి దగ్గర గ్రౌటు చుట్టూ పొంగాలి. పొంగకపోతే కడ్డీ తీసి మళ్ళీ నింపాలి. కడ్డీ జారకుండా చెక్క చీల.

సొరంగం_శీను
సాయంత్రం 5:51

51 బిట్లు సైట్లో లేవు, రెండో పద్ధతే. పిస్టన్ పంపు 0.32ని తోస్తుందా?

గ్రౌట్_గోపాల్
సాయంత్రం 6:03

తోయదు, స్క్రూ పంపు కావాలి. అది వచ్చేదాకా 0.35, సూపర్ ప్లాస్టిసైజర్‌తో. చేతిలో ముద్ద చేసి బోర్లిస్తే జారకూడదు, అది చూసి మొదలుపెట్టండి. బస్తాలు తవ్వకం సాగే ఫేస్ దగ్గరే లెక్కపెట్టించండి.